సూరత్ పేరులోని అయిదు అక్షరాలు

సంస్కృతంలో 'కోశం' అనే పదానికి ధనాగారమనీ, నిఘంటువనీ రెండర్థాలు కలవు. రాజుగారి బొక్కసానికీ, పండితుని పదసంచయానికీ పెద్దలు ఒకే పేరు పెట్టారు. ఈ భావన మనకే పరిమితం కాదు. ఇంగ్లీషులో పర్యాయపద సంకలనానికి వాడే 'థెసారస్' అనే మాట, నిధిని సూచించే గ్రీకు పదం నుండి వచ్చింది. ధనరాశి అనే అర్థమున్న 'ట్రెజర్' అనే మాటకు కూడా మూలం అదే. పీటర్ మార్క్ రోజె తన సుప్రసిద్ధ థెసారస్‌ను 1852లో ప్రకటించాడు. మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినదీ ఆ సంవత్సరమే.

ఈ రెండు ఇంగ్లీషు మాటలలోను మన దేశపు రేవుపట్టణం పేరొకటి దాగి ఉంది. తపతీ నదీతీరాన వెలసిన సూరత్ పేరును ఇంగ్లీషులో ఎస్, యు, ఆర్, ఎ, టి అనే అయిదక్షరాలతో వ్రాస్తారు. ఆ అయిదింటినీ కలిగిన మాటలను నిఘంటువులో వెదికితే థెసారస్, ట్రెజర్‌లతో పాటు శనివారాన్ని తెలిపే 'శాటర్‌డే', ఆవాలను తెలిపే 'మస్టర్డ్', భోజనశాలను తెలిపే 'రెస్టారెంట్' వంటివి అనేకం లభిస్తాయి. ఈ అన్వేషణ పైకి వినోదమాత్రంగా కనిపించినా, దాని దారిలో ఒక నగరచరిత్ర ఎదురవుతుంది.

అక్షరాలను నియమించి పదాన్ని రాబట్టే విద్య తెలుగువారికి క్రొత్త కాదు. అవధానసభలలో న్యస్తాక్షరి పృచ్ఛకుడు పద్యంలో ఏ స్థానాన ఏ అక్షరం ఉండవలెనో ముందుగానే నిర్దేశిస్తాడు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు రాబోయే అక్షరాన్ని ఊహించి నిషేధిస్తాడు. అయితే మన లిపిలో అచ్చు, హల్లు కలసి ఒక్క అక్షరమవుతాయి. ఇంగ్లీషులో అచ్చూ హల్లూ వేర్వేరు గుర్తులుగా వరుసలో నిలుస్తాయి కనుక వాటిని విడదీసి తిరిగి కూర్చడం సులభం. పదాలలోని అక్షరాలను వర్ణమాల క్రమంలో అమర్చితే, ఒకే అక్షరాలు గల పదాలన్నీ ఒకచోట చేరతాయి. సూరత్‌లోని అక్షరాలు అలా ఎ, ఆర్, ఎస్, టి, యు అవుతాయి. ఈ వరుసలోనే చేరే మరొక పదం 'సూత్ర'. 19వ శతాబ్దారంభంలో సంస్కృతాధ్యయనం చేసిన పాశ్చాత్య పండితుల ద్వారా ఆ మాట ఇంగ్లీషులో ప్రవేశించింది.

తెలుగులో వ్రాసి చూసినా ఈ సామ్యం నిలుస్తుంది. సూరత్ అనే మాటలోని చివరి రెండు వర్ణాలూ తారుమారైతే సూత్ర అవుతుంది. వైయాకరణులు దీనిని వర్ణవ్యత్యయమంటారు. సూత్రమనగా దారం, సూరత్ నూలుకూ వస్త్రానికీ పేరు మోసిన నగరం. ఇంతటి పొందిక కుదిరినప్పటికీ ఈ రెండు పదాలకూ చుట్టరికం లేదు. నగరనామాన్ని కొందరు సూర్యపురం నుండి, కొందరు సౌరాష్ట్రం నుండి సాధించారే కాని సూత్రం నుండి కాదు. అక్షరాల కలయిక యాదృచ్ఛికం కావచ్చును. ఆ అక్షరాలకు లభించిన అర్థం మాత్రం యాదృచ్ఛికం కాదు. దానిని మనుషులు, వర్తకం, అధికారం నిర్ణయించాయి.

ఇంగ్లీషు వారి ఓడ 'హెక్టర్' 1608 ఆగస్టు 24న సూరత్ రేవుకు చేరింది. దాని నాయకుడు విలియం హాకిన్స్. 1611లో 'గ్లోబ్' అనే ఓడ మచిలీపట్నం చేరి, తూర్పు తీరాన వారి వర్తకానికి నాంది పలికింది. 1612లో సువాలీ వద్ద పోర్చుగీసువారిపై జరిగిన నౌకాయుద్ధం తరువాత, మొగలు ప్రభుత్వ అనుమతితో 1613లో సూరత్‌లో ఇంగ్లీషు వర్తకస్థావరం స్థిరపడింది. మన వస్త్రాలకు బదులుగా ఐరోపా నుండి ఓడలలో వచ్చిన వెండిని కంపెనీ పత్రాలు 'ట్రెజర్' అనే పేర్కొన్నాయి. ఆ వెండి సూరత్‌లోని మొగలు టంకశాలలో రూపాయలుగా మారేది. ఆ విధంగా ఆ మాటకూ ఆ నగరానికీ గల సంబంధం అక్షరాలకు మించినది.

17వ శతాబ్దంలో ఈ పేరు ఇంగ్లీషులో ఒకే విధంగా స్థిరపడలేదు. జాన్ ఓవింగ్టన్ 1696లో ప్రకటించిన యాత్రాగ్రంథం పేరులోనే చివర రెండు 'టి'లు కనిపిస్తాయి. 1664లోను, 1670లోను శివాజీ దాడులను ఎదుర్కొన్న ఈ నగరం నుండి 1687లో కంపెనీ ముఖ్యస్థానం బొంబాయికి తరలింది. క్రమంగా రేవు ప్రాభవం తగ్గింది. నగరం ఘనత తగ్గినా దాని పేరు మాత్రం వర్తకుల చిట్టాలలో మిగిలింది. పశ్చిమ భారతం నుండి వచ్చే పత్తి ఏ తాలూకాలో పండినా, బొంబాయి నుండి ఎగుమతి అయినా, ఇంగ్లండులో దానిని 'సూరత్' అనే పిలిచారు. ఊరి పేరు సరకు పేరయింది, సంజ్ఞావాచకం జాతివాచకమయింది. మన తీరాన కూడా ఇటువంటి ఉదాహరణ ఉంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో పండిన ఎర్రని పత్తి కాకినాడ రేవు నుండి ఎగుమతి కావడంతో అంతర్జాతీయ విపణిలో దానికి 'కోకనాడా' అనే పేరు స్థిరపడింది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమయింది. అప్పటి వరకు లాంకషైర్ మిల్లులకు కావలసిన పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికా నుండే వచ్చేది. దక్షిణ రాష్ట్రాల రేవుల దిగ్బంధంతో ఆ దిగుమతి దాదాపుగా నిలిచిపోయింది. 1862 చివరికి సుమారు 5 లక్షల మంది ధర్మసహాయంపై ఆధారపడవలసి వచ్చింది. నడిచిన మిల్లులు అనేకం సూరత్ పత్తితో నడిచాయి. అయితే ఆ యంత్రాలు పొడవైన అమెరికా పింజకు తగినట్లు అమర్చినవి. సూరత్ పత్తి పింజ పొట్టిది. అందులో మట్టి, ఆకుముక్కలు కలిసి ఉండేవి. దారం మాటిమాటికీ తెగేది. నేసిన గుడ్డను బట్టి కూలి చెల్లించేవారు కనుక, తెగిన ప్రతి పోగూ కార్మికుని ఆదాయాన్ని తగ్గించేది. ఆ వేదననే లాంకషైర్ కవి శామ్యూల్ లేకాక్ ప్రాంతీయ మాండలికంలో సూరత్ నేతగాని పాటగా వ్రాశాడు. పత్తిని ప్రసాదించమని దేవుని వేడుకుంటూ, అది సూరత్ మాత్రం కాకూడదని కూడా కోరుకున్నారన్న కథ నేటికీ ప్రచారంలో ఉంది.

త్వరలోనే ఆ మాట పత్తిని దాటింది. నాసిరకం, కల్తీ అయిన ఏ వస్తువునైనా అక్కడి ప్రజలు 'సూరత్' అనసాగారు. తన బీరును ఆ మాటతో నిందించారని ఒక తయారీదారు న్యాయస్థానానికి ఎక్కినట్లు ఆ కాలపు రచనలు తెలుపుతున్నాయి. శతాబ్దాలపాటు నాణ్యమైన వస్త్రాలకు ప్రసిద్ధి చెందిన నగరం పేరు, ఆ నగరాన్ని ఎన్నడూ చూడని జనుల నోట తిట్టుపదమయింది.

ఈ నిందలో సత్యం లేకపోలేదు. ధరలు పెరిగిన ఆ రోజులలో మధ్యవర్తుల కల్తీ ఎంతగా ప్రబలినదంటే బొంబాయి ప్రభుత్వం 1863లో పత్తి మోసాల నివారణకు చట్టం చేయవలసి వచ్చింది. కాని పొట్టి పింజ మోసం కాదు. అది ఈ నేలలో శతాబ్దాలుగా పండి, చేతి రాట్నానికి ఒదిగి, మేలైన వస్త్రాలకు ఆధారమైన పత్తి స్వభావం. యంత్రానికి సరిపడనిది యంత్రం దృష్టిలో నాసి అయింది. నిఘంటువు 'సూరత్' అంటే ముతక నూలుగుడ్డ అని అర్థం చెప్పి ఊరకుంటుంది. అటు ఆకలితో ఉన్న నేతగానినీ, ఇటు కల్తీ నిందను మోసిన రైతునూ ఆ ఒక్క పంక్తిలో చూడలేము.

సరిగా ఆ సంవత్సరాలలోనే సూరత్ సంతానమైన ఒక వ్యక్తి మరొక కోశాన్ని నిర్మించసాగాడు. 1833 ఆగస్టు 24న, అనగా హెక్టర్ ఓడ వచ్చిన తేదీనాడే, సూరత్‌లో జన్మించిన నర్మదాశంకర్ దవే 'నర్మద్'గా గుజరాతీ సాహిత్యంలో చిరస్మరణీయుడు. 1858లో ఉపాధ్యాయ వృత్తిని విడిచి, కలాన్నే నమ్ముకొని జీవించ నిశ్చయించుకున్నాడు. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థం చెప్పే నిఘంటువును సుమారు 1860లో ప్రారంభించి, అనేక కష్టాలకు ఓర్చి, 1873లో 'నర్మకోశ్'గా సంపూర్ణంగా ప్రకటించాడు. అందులో 25 వేలకు పైగా పదాలు ఉన్నాయి. గుజరాత్ కీర్తిగీతంగా ప్రసిద్ధమైన 'జయ జయ గరవీ గుజరాత్' ఆ నిఘంటువుకు ముందుమాటగా వ్రాసినదే. ఒక భాషలోని పదాలకు ఆ భాష మాటలాడేవారే అర్థనిర్ణయం చేయడంలోని ఆత్మగౌరవం తెలుగు పాఠకులకు సులభగ్రాహ్యం. బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము' 1885లో వెలువడి తెలుగులో ఆ కార్యాన్ని నెరవేర్చింది.

నర్మద్ మరణించిన 1886లోనే, భారతీయ భాషల నుండి ఇంగ్లీషులో చేరిన మాటలను వివరించే 'హాబ్సన్-జాబ్సన్' లండన్‌లో వెలువడింది. కర్తలు హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఆర్థర్ బర్నెల్. తెలుగు 'పందికొక్కు' ఇంగ్లీషులో 'బాండికూట్' అయిన వైనం అందులో చూడవచ్చును. వర్తకం సరకులతో పాటు మాటలనూ మోసుకొనిపోతుందనడానికి ఆ గ్రంథమే సాక్ష్యం.

మనుషులను కూడా వస్త్రవర్తకమే సూరత్‌కు చేర్చింది. తెలంగాణ నేత కుటుంబాలు అనేకం అక్కడి మరమగ్గాల పనికి వెళ్ళి స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నిర్వహించింది. ఆ పిల్లలకు సూరత్ అనేది నిఘంటువులోని ముతక గుడ్డ కాదు, పుట్టి పెరిగిన ఊరు. అక్కడి విశ్వవిద్యాలయానికి 2004లో వీర నర్మద్ పేరును చేర్చారు.

అయిదు అక్షరాలు కలిగిన పదాలను క్రమపద్ధతిలో వెదికితే ఎవరైనా కనుగొనగలరు. ఆ పదం తన అర్థాన్ని ఎవరి లాభం వలన, ఎవరి ఆకలి వలన పొందినదో తెలుసుకొనడానికి మాత్రం నిఘంటువును మూసి చరిత్రను తెరవవలసి ఉంటుంది. సూరత్ పేరు అందుకు తగిన ఉదాహరణ.