ప్రతివాని ఇంటి ఎదుటి గోడ



యెరూషలేము చేరిన నెహెమ్యా వెంటనే పని మొదలుపెట్టలేదు. రాత్రివేళ లేచి, ఎవరితోను చెప్పక, కూలిన గోడను తిరిగి చూశాడు. ఆ తరువాతనే జనులను పిలిచాడు. అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగా ఉన్న భాగమును కట్టారు. ఎవరి వంతు ఏదో వారికి తెలిసినందువలన గోడ 52 దినములలో పూర్తి అయింది.

మన తెలుగు నేలమీద ఇదే రీతిగా పనిచేసిన బిషప్ అజరయ్యగారిని ఈ శతవార్షిక సంచికలో జ్ఞాపకము చేసుకొనుట తగును.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874లో తిరునల్వేలి ప్రాంతములో జన్మించారు. 1903లో అక్కడ ఏర్పడిన భారతీయ మిషనరీ సంఘ స్థాపకులలో ఆయన ఒకరు. 1909లో నిజాము రాష్ట్రములోని డోర్నకల్‌కు తామే మిషనరీగా వచ్చి, తమిళులై యుండియు తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

అప్పుడు ఆయన ఎదుట ఉన్నది పల్లెల సంఘము. విశ్వాసులలో అనేకులు చదువురాని కూలివారు. వీరిని నడిపించుటకు విదేశీ మిషనరీలు చాలరు. కాబట్టి ఆ పల్లెలనుండియే నాయకులు లేవవలెనని ఆయన నిశ్చయించుకున్నారు. డోర్నకల్‌లో గురువులకు తర్ఫీదు ఇచ్చినప్పుడు వారి భార్యలకు కూడ చదువు చెప్పించారు. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద చెయ్యి ఉంచుకొని, సువార్త చెప్పుట తమ బాధ్యతయని పలుకవలెను. ఇల్లాలు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవునికి తీసి ఉంచవలెను. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో ఊరంతా పోరాడవలెను. చదువురానివారు సహా వేళ్ళమీద లెక్కపెట్టుకోగల ఏర్పాటు ఇది!

డోర్నకల్ ఎపిఫనీ కథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. 1919 తరంగంబాడి సమావేశము మొదలుకొని సంఘముల ఐక్యతకై అజరయ్యగారు పాటుపడ్డారు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము మద్రాసులో ప్రారంభమైనప్పుడు చూచుటకు ఆయన లేరు. అయినను పని ఆగలేదు.

ఇది వ్రాయుచుండగా మాకు సిగ్గు కలుగుచున్నది. ఒకప్పుడు ఒక పల్లెలో మేము ప్రార్థనా మందిరమునకు పునాది వేయించాము. ఎవరు ఎంత ఇచ్చిరి, ఇటుక ఎక్కడనుండి రావలెను, మేస్త్రీకి ఎంత బాకీ, అంతయు మా జేబులోని చిన్న పుస్తకములోనే ఉండేది. ఇంతలో బదిలీ వచ్చింది. రెండేండ్ల తరువాత వెళ్ళి చూస్తే గోడలు మోకాలెత్తు దాటలేదు. మధ్యలో తుమ్మచెట్లు మొలిచాయి. సంఘపెద్ద ఒకరు, "అయ్యగారూ, తరువాత ఏమి చేయవలెనో మీరు మాకు చెప్పలేదు గదా!" అన్నారు. ఆయన మాటలో కోపము లేదు. తప్పు మాదే.

గురువు జేబులో ఉన్నది సంఘ ప్రణాళిక కాదు. అది సంఘము ఎదుట చదువబడవలెను, వ్రాయబడవలెను, పంచబడవలెను. రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మనము వచ్చే కమిటీలో మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఈ గోడలో మా ఇంటి ఎదుటి భాగము ఏది?