ఇడెక్ స్పోర్ట్ (ట్రైమరాన్)

ఇడెక్ స్పోర్ట్: మహాసముద్ర పందెములకై ఫ్రాన్సు దేశమున నిర్మింపబడి, 2006లో ‘గ్రుపామా 3’ అను పేర జలప్రవేశము చేసిన మూడు కాయముల తెరచాప ఓడ.

దీని పొడవు 31.5 మీటర్లు, వెడల్పు 22.5 మీటర్లు, కార్బన్ నారతో నిర్మితమగుటచే మిక్కిలి తేలికయైనది. ఏకకాయ నౌకలకువలె అడుగున సీసపు బరువు లేకయే, కాయముల నడుమనున్న విశాలమైన ఎడమువలన ఇది స్థిరత్వమును పొందును. గాలి బలముగా వీచునపుడు గాలివైపు కాయము నీటినుండి పైకి లేచుటచే జలనిరోధము తగ్గి వేగము హెచ్చును. కాని ఒకసారి తలక్రిందులైనచో ఇట్టి నౌక తనంతట నిటారు కాజాలదు. 2008 ఫిబ్రవరిలో న్యూజిలాండు సమీపమున ఇది అట్లే బోల్తాపడెను.

అవిరామ భూప్రదక్షిణమునకై ఏర్పడిన జూల్స్ వెర్న్ ట్రోఫీని 2010లో ఫ్రాంక్ కమా నాయకత్వమున 10 మంది నావికులు దీనిపై 48 దినముల 7 గంటల 44 నిమిషములలో సాధించిరి. 2017 జనవరిలో ఫ్రాన్సిస్ జ్వాయో, మరి అయిదుగురు నావికులతో, ఆ యాత్రను 40 దినముల 23 గంటల 30 నిమిషములలో ముగించెను.

సెయింట్ మాలోనుండి గ్వాడలూప్ వరకు ఏకాకిగా సాగింపవలసిన రూట్ ద్యు రమ్ పందెమున 2010, 2014, 2018 సంవత్సరములలో మూడు వేర్వేరు పేర్లతో, ముగ్గురు వేర్వేరు నావికుల చేతిలో ఈ నౌకయే వరుసగా విజయము నొందినది.