వివాహ ఛాయాచిత్రకారుని యెన్నిక

వివాహము ముగిసిన పిమ్మట పందిరి విప్పుదురు, తోరణములు వాడును, విందును బంధువులు కొలది దినములలో మఱతురు. దంపతుల కాపురము గాక, నాటి శుభకార్యమునకు గుర్తుగా నింట మిగులునది ఛాయాచిత్ర మొక్కటియే. పురోహితుని, మేళగాండ్రను, వంటవారిని కుదుర్చుకొనునపుడు మన పెద్దలు వారి పనితనమును, నడవడిని గూర్చి పదిమందిని విచారించెడివారు. ఛాయాచిత్రకారుని విషయమున నట్టి విచారణ నేడు లోపించుచున్నది. చూడముచ్చటయగు నాలుగు బొమ్మలను చూచియో, మధ్యవర్తి మాట వినియో బయానా చెల్లించుచున్నాము. ఇతనిని ఏ గుణములనుబట్టి యెన్నుకొనవలెనో మన హైదరాబాదు నగర చరిత్రమే తెలుపగలదు గావున, సంఘబంధువుల సన్నిధిని కొన్ని విషయములు మనవి చేయుచున్నాము.

ఛాయాచిత్రకళ 1839 వ సంవత్సరమున పారిస్ నగరమున, డాగేరు కనుగొనిన విధానముతో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ కాలమున చిత్రమునకై కూర్చుండువారు కొంతసేపు కొయ్యబొమ్మలవలె కదలక యుండవలసియుండెను. 1858 జనవరి 25 వ తేదీన విక్టోరియా రాణి తన జ్యేష్ఠపుత్రిక వివాహదినమున, భర్తతోను కుమార్తెతోను గూడి చిత్రము తీయించుకొనెను. రాణి కదలుటచే నామె ముఖము చెదరిపోయెను. రాణికే తప్పని యిబ్బంది సామాన్యులకు తప్పునా? కర్మ జరుగుచుండగా దానిని చిత్రించుట నాడు దుస్సాధ్యము. 1851 లో వచ్చిన తడిపలక విధానమున గాజుపలకకు మందుపూసి, యది యాఱకముందే చిత్రము తీసి కడుగవలసియుండెను. 1871 లో పొడిపలకలు కనుగొనబడి, క్రమముగా అంగళ్లలో దొరకుట మొదలిడిన తరువాతనే ఛాయాచిత్రకారుడు పనిముట్లతో నింటింటికి పోవుట సులభమయ్యెను.

మన నగరమున నీ కళకు గౌరవము తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844 లో మీరట్టు చెంతనున్న సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో మరామతు శాఖయందు కొలువు చేయుచు నీ విద్య నభ్యసించెను. పిమ్మట సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. 1894 లో నిజాము ప్రభువు ఆయనకు 'రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్' అను బిరుదు నొసగెను. ముసవ్వర్ అనగా చిత్రకారుడు. ఆయన 1905 లో పరమపదించెను.

ఆయన చేసిన పనులలో మన ప్రస్తుతాంశమునకు ముఖ్యమైనది వేఱొకటి గలదు. నాడు నగరమందలి గొప్పయిండ్ల స్త్రీలు ఘోషా పాటించువారు. పరపురుషుని యెదుట చిత్రమునకు నిలుచుట వారికి పొసగనిది. ఇది గ్రహించి దీన్‌దయాళ్ 1892 లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియోను తెఱపించి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితకు అప్పగించెను. ఆయన యెంతటి నేర్పరియైనను, తన నేర్పును జూచి యింటి మర్యాదను సడలింపుడని యెవరిని కోరలేదు. ఆ మర్యాదకు తగిన యేర్పాటు తానే చేసికొనెను. చిత్రము తీయువాడు గృహస్థుని యంతఃపురమునకు అతిథి యని యెఱిగినవాడు గనుకనే ఆయనకు ఆ విశ్వాసము లభించెను.

ఆయన పనియందు మఱియొక విశేషము భద్రపఱచుట. ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989 లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. ఆ చిత్రములలోని ప్రభువులు, అధికారులు గతించిరి. వారి ముఖములు మాత్రము నేటికిని కాననగుచున్నవి.

కాలక్రమమున ఈ కళ సామాన్య గృహస్థుల యిండ్లకును వచ్చెను. దంపతులు స్టూడియోకు పోయి రంగుల తెరముందు నిలిచి యొక చిత్రము తీయించుకొనుటయో, లేక ముక్కాలిపీటతోను నల్లగుడ్డతోను వచ్చినవాడు పందిటిలో బంధువులందఱను కూర్చుండబెట్టి యొక గుంపుచిత్రము తీయుటయో యాచారమయ్యెను. తీయునది ఒకటి రెండు పలకలు మాత్రమే కనుక, ఎవరిని ముందు కూర్చుండబెట్టవలెనో పెద్దలు నిర్ణయించెడివారు. తాతలు, అవ్వలు, మేనమామలు నడుమ నుండెడివారు. ఆ యొక్క చిత్రమునందు వంశవృక్షమంతయు గానవచ్చును.

తరువాత ఫిలిము, రంగుల ఫిలిము, వీడియో టేపు వరుసగా వచ్చినవి. సమృద్ధి పెరిగెను గాని మన్నిక పెరుగలేదు. గడచిన శతాబ్దము తుదిభాగమున వేలకొలది రూపాయలు వెచ్చించి తీయించిన పెండ్లి వీడియో టేపులు నేడు పెట్టెలలో మూలుగుచున్నవి. వానిని చూపు యంత్రముల తయారీ 2016 లోనే ఆగిపోయినది. నూటయేండ్లు దాటిన గాజుపలక కనబడుచుండగా, ముప్పదియేండ్ల టేపు కనబడకపోవుట విచారకరము గాదా?

ఇక మన మీర్‌పేట్ సంగతి. సరూర్‌నగరు ప్రాంతమున చెఱువులచెంత నుండిన యీ గ్రామము, జిల్లెలగూడతో గలసి 2019 లో నగరపాలక సంస్థగా ఏర్పడునంతగా పెరిగెను. నలుదెసల జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబము లిచ్చట అనేకములు. స్వగ్రామమున ఛాయాచిత్రకారుడు ఇంటివారికి తెలిసినవాడు. తప్పు జరిగినచో మరునాడు ముఖము చూపవలసినవాడు. ఇచ్చట ఇరుగుపొరుగువారే కొత్తవారు. ముహూర్తముల దినములలో ఫంక్షన్‌హాలుకు వచ్చు ఛాయాచిత్రకారుడు మఱింత కొత్తవాడు. అంగడిలో మాటాడినవా డొకడు, పెండ్లికి వచ్చువా డింకొకడు. కావున నాడు పరిచయము చేసిన పనిని నేడు మన విచారణయే చేయవలెను.

మేమెఱిగిన యొక గృహమున మూడువేల చిత్రములు తీసిరి. కన్యాదాత తల్లి, ఎనుబదియేండ్ల వృద్ధురాలు, మఱుచటి యేట గతించెను. ఆమె పటము కట్టింపబూనగా అన్ని చిత్రములలోను ఆమె ముఖము స్పష్టముగా నున్నది యొక్కటియు లేదు. దీపాలంకారములు, పూలు, వాహనములు మాత్రము లెక్కకు మిక్కిలిగా నున్నవి. ఆ యింటివారి దుఃఖమును చూచిన తరువాతనే ఈ వ్యాసము వ్రాయ సంకల్పించితిమి.

మొదట విచారింపవలసినది మర్యాద. వధువు అలంకరణపు గదిలోనికి ఎవరు పోవుదురు? స్త్రీ ఛాయాచిత్రకారులు నేడు దొరకుచున్నారు. 1892 నాటి యేర్పాటు నేడు మఱింత సులభము. తీసిన చిత్రములను తమ ప్రకటనలకై వాడుకొనుటకు ముందు వధువు సమ్మతి పొందుదురా యని యడుగవలెను.

రెండవది కర్మజ్ఞానము. మేనమామ వధువును గంపలో తెచ్చుట, జీలకఱ్ఱబెల్లము, మాంగల్యధారణము, తలంబ్రాలు, అప్పగింతలు ఏ క్రమమున వచ్చునో అతనికి తెలియవలెను. మూడుముళ్లు వేయు వరుని చేయి ఆపి 'ఇటు చూడుడు' అనువాడు ముహూర్తమునకే విఘ్నము కల్పించువాడు. ఏఱిన బొమ్మలను గాక, అతడు తీసిన యొక వివాహమును ఆద్యంతము చూపుమని కోరవలెను. చీకటిలోను హోమధూమములోను అతని పనితనము, పెద్దలయెడ అతని శ్రద్ధ అప్పుడు తెలియును. చిత్రింపవలసిన పెద్దల పట్టికను ఇంటివారే వ్రాసి యొసగుట మేలు.

మూడవది భద్రత. చిత్రములను రెండు వేఱుచోట్ల నుంచి, ముఖ్యమైన వానిని మంచి కాగితముపై అచ్చు వేయింపవలెను. వెనుక దినము, స్థలము, వ్యక్తుల నామములు వ్రాయవలెను. పేరు లేని ముఖము మూడవ తరమునకు పరాయిది.

నాలుగవది లిఖితపూర్వక మగు ఒడంబడిక. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము 17 వ విభాగమునుబట్టి, ప్రతిఫల మిచ్చి తీయించుకొనిన ఛాయాచిత్రమునకు, వేఱు ఒడంబడిక లేనిచో, తీయించుకొనినవారే ప్రథమ స్వామ్యము గలవారు. ఈ హక్కు నెఱుగక అచ్చుకాగితముపై సంతకముచేసి దానిని పోగొట్టుకొనరాదు. వచ్చువాని పేరు, ఇచ్చు గడువు, మొత్తము సొమ్ము అందు స్పష్టముగా నుండవలెను. వివాహ నమోదునకు శుభలేఖతోపాటు పెండ్లి ఛాయాచిత్రమును జతపఱచుట వాడుక యగుటచే, ఈ చిత్రము ముచ్చటకే గాక ముఖ్యముగా స్త్రీకి రక్షణగా గూడ నుపకరించును.

వ్యయమునుగూర్చి యొక్కమాట. డ్రోనులకును, పెండ్లికి ముందటి విహార చిత్రములకును అప్పుచేయుట గౌరవహేతువు గాదు. పెద్ద మొత్తమిచ్చినవానికే మంచి చిత్రము దొరకునను నియమము లేదు. శ్రద్ధగల చిన్న స్టూడియోవాడు తీసిన నూఱు చిత్రములు, శ్రద్ధలేనివాని వేలచిత్రములకంటె మేలు.

మన పోషకులును, పెద్దలును తమ తమ యిండ్లలోని పాత పెండ్లిచిత్రములను దింపి, ధూళి తుడిచి, తెలిసినవారు జీవించియుండగనే వెనుక పేర్లు వ్రాయింతురుగాక. రాబోవు పెండ్లిండ్లకు ఛాయాచిత్రకారుని యెన్నుకొనునపుడు, ఈ బొమ్మను మన మనుమలు చూతురని తలచి యెన్నుకొందురుగాక యని ప్రార్థించుచున్నాము.