ఎఫ్-1 వీసా - విద్యోద్దేశ నిరూపణ

ఎఫ్-1 వీసా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పూర్తికాల విద్యాభ్యాసం కొరకు ఇచ్చే తాత్కాలిక వీసా. దీనిని కోరే అభ్యర్థి తాను నిజంగా చదువు కొరకే వెళుతున్నట్లు కాన్సులర్ అధికారికి నమ్మకం కలిగించవలసి ఉంటుంది. విశ్వవిద్యాలయంలో సీటు లభించినంత మాత్రాన వీసా లభించదు. సీటు ఇచ్చేది విద్యాసంస్థ, వీసా ఇచ్చేది ప్రభుత్వం. ఈ రెండు పరీక్షలూ వేరు.

చట్టం

1952 నాటి వలస, జాతీయతా చట్టంలోని సెక్షన్ 101(ఎ)(15)(ఎఫ్) ప్రకారం అభ్యర్థికి వదులుకునే ఉద్దేశం లేని నివాసం స్వదేశంలో ఉండాలి. అతడు పూర్తికాల కోర్సు చదవగలిగిన నిజమైన విద్యార్థి అయి ఉండాలి. ఆ చదువు కొరకు మాత్రమే, తాత్కాలికంగా ప్రవేశించాలి. అదే చట్టంలోని సెక్షన్ 214(బి) ప్రకారం ప్రతి దరఖాస్తుదారునీ స్థిరపడటానికి వచ్చే వలసదారుగానే ముందు భావిస్తారు. కాదని నిరూపించుకునే భారం దరఖాస్తుదారునిదే. న్యాయస్థానంలో నేరం రుజువయ్యే వరకు నిందితుడు నిర్దోషి. ఇక్కడ వరుస తలకిందులుగా ఉంటుంది. హెచ్-1బి, ఎల్ వర్గాలకు ఈ నిబంధన నుండి మినహాయింపు ఉంది. ఎఫ్-1 కు లేదు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. అధికారి పరిశీలించేది దరఖాస్తు చేసేనాటి ఉద్దేశాన్ని. చదువు ముగిసిన తరువాత 12 నెలల ఆచరణాత్మక శిక్షణ (ఓపీటీ), శాస్త్ర సాంకేతిక పట్టాలకు 2016 నిబంధనల క్రింద మరో 24 నెలల పొడిగింపు చట్టబద్ధమైనవే. తరువాత వీసా వర్గం మారడం కూడా నేరం కాదు. కాని ఉద్యోగమే అసలు గమ్యమై, చదువు దానికి సాకు అయినప్పుడు దరఖాస్తు నిలవదు.

ఇంటర్వ్యూ

హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2008లో ప్రారంభమయింది. అంతకు ముందు తెలుగు విద్యార్థులు చెన్నై వెళ్ళేవారు. 2023లో ఈ కార్యాలయం బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుండి నానక్‌రామ్‌గూడకు మారింది. (ఇంటర్వ్యూకు ముందు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసేవారు అనేకులు. అందుచేత ఆ స్వామికి 'వీసా బాలాజీ' అనే పేరు వచ్చింది.)

అభ్యర్థి వద్ద విద్యాసంస్థ పంపిన ఐ-20 పత్రం, నింపిన డి.ఎస్-160 దరఖాస్తు, సెవిస్ రుసుము చెల్లించిన రసీదు ఉండాలి. కిటికీ వద్ద సంభాషణ తరచు కొద్ది నిముషాలలోనే ముగుస్తుంది. తెచ్చిన కాగితాల కట్టను అధికారి అసలు తెరవకపోవచ్చు. కనుక మాటే ప్రధాన సాక్ష్యం. ఈ కోర్సు ఎందుకు, ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఇంతవరకు చదివినదానికి దీనితో సంబంధమేమిటి, ఖర్చు ఎవరు భరిస్తారు అనేవి సాధారణంగా వచ్చే ప్రశ్నలు. సివిల్ ఇంజనీరింగ్ చదివినవారు డేటా సైన్సుకు మారడం తప్పు కాదు. కాని ఆ మార్పుకు కారణం అభ్యర్థి సొంత మాటలలో రావాలి. కన్సల్టెన్సీలు వల్లె వేయించిన సమాధానాలు ఒకే రోజున ఒకే కిటికీ వద్ద పదిమంది నోట వినబడితే అధికారి వాటికి ఏ విలువ ఇస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఇరవై రెండేళ్ళ యువకునికి స్వదేశంలో ఇల్లు, ఉద్యోగం, కుటుంబభారం ఉండవు. అందుచేత తండ్రి భూముల విలువ పత్రాల కంటే చదువు గురించిన స్పష్టతే ఎక్కువ ఉపకరిస్తుంది.

మొదటి సంవత్సరపు ఖర్చుకు తగిన నిధులు సిద్ధంగా ఉండాలి. తరువాతి సంవత్సరాలకు నమ్మదగిన ఏర్పాటు చూపాలి. విద్యాఋణం తీసుకోవడం దోషం కాదు. వడ్డీకి తెచ్చి కొద్ది రోజులు ఖాతాలో ఉంచిన సొమ్మును సొంత నిధిగా చూపడం మాత్రం ప్రమాదకరం.

తెలుగు విద్యార్థుల అనుభవం

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయంపై అమెరికా అధికారులు దాడి చేశారు. అక్కడ పేర్లు నమోదు చేసుకున్నవారిలో ఎక్కువమంది భారతీయులు, వారిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు అనేకులు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించడం భారతదేశంలో తీవ్ర నిరసనకు దారితీసింది. 2019 జనవరిలో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం మరింత విచిత్రమైనది. దానిని ప్రభుత్వ అధికారులే రహస్యంగా నడిపారు. అందులో తరగతులు గాని, ఉపాధ్యాయులు గాని లేరు. తొలుత అరెస్టయిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. తాము మోసపోయామని విద్యార్థులు, చదువు లేదని తెలిసే చేరారని ప్రభుత్వం వాదించాయి. విద్యోద్దేశం వీసా ముద్రతో ముగిసేది కాదని, దేశంలో ఉన్నంతకాలం నిలుపుకోవలసినదని ఈ రెండు ఉదంతాలు చూపుతున్నాయి.

తిరస్కరణ

214(బి) క్రింద తిరస్కరణకు అప్పీలు లేదు. అయితే అది శాశ్వత నిషేధం కాదు. రుసుము మళ్ళీ చెల్లించి ఎప్పుడైనా దరఖాస్తు చేయవచ్చు. పరిస్థితులలో మార్పేమీ లేకుండా వెంటనే వెళ్ళినవారికి మళ్ళీ అదే సమాధానం రావడం సహజం. సెక్షన్ 212(ఎ)(6)(సి) విషయం వేరు. నకిలీ మార్కుల పత్రం, అబద్ధపు అనుభవపత్రం వంటివి చూపి వీసా కోరినవారు జీవితాంతం అనర్హులవుతారు. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప ఈ అనర్హత తొలగదు. దరఖాస్తు నింపినది ఏజెంటే అయినా, దానిలోని సమాచారానికి బాధ్యత వహించవలసినది అభ్యర్థే.

ఇతర దేశాలు

ఆస్ట్రేలియా 2011లో 'నిజమైన తాత్కాలిక ప్రవేశకుడు' అనే నియమాన్ని తెచ్చింది. 2024 మార్చి 23 నుండి దాని స్థానంలో 'నిజమైన విద్యార్థి' నియమం అమలులోకి వచ్చింది. దీని క్రింద అభ్యర్థి తన ప్రస్తుత పరిస్థితులు, ఆ కోర్సును, ఆస్ట్రేలియాను ఎంచుకున్న కారణాలు, దాని వలన కలిగే ప్రయోజనం గురించి దరఖాస్తులోనే ఆంగ్లంలో క్లుప్తంగా వ్రాయాలి.