బాలే నర్తకుల పాద సంరక్షణ

బాలే నర్తకుల పాద సంరక్షణ అనగా పాశ్చాత్య శాస్త్రీయ నృత్యమైన బాలేను అభ్యసించువారి పాదములకు, చీలమండలకు గాయములు కలుగకుండ పాటించు పద్ధతులు. బాలేలో, ముఖ్యంగా స్త్రీలు, కాలివేళ్ళ కొనలపై నిలిచి చేయు నృత్యాన్ని 'పాయింట్' అందురు. కూచిపూడిలో వలె అరికాలు నేలను తాటింపక, శరీరభారమంతయు వేళ్ళ కొనలపై నిలుచుట దీని ప్రత్యేకత.

పాదరక్షలు

1832లో ప్యారిస్ ఒపేరాలో 'లా సిల్ఫీడ్' అను బాలేలో మరీ టాల్యోనీ ఈ విధంగా నర్తించి ప్రఖ్యాతి పొందింది. ఆమె ధరించినవి దారపు కుట్లతో గట్టిపరచిన మెత్తని శాటిన్ జోళ్ళు మాత్రమే. నేటి పాయింట్ జోళ్ళ ముందుభాగంలో చెక్క ఉండునని పలువురు భావింతురు కాని అది నిజం కాదు. సంప్రదాయ పద్ధతిలో గుడ్డ, కాగితపు పొరలను జిగురుతో అతికించి ఆ భాగాన్ని తయారుచేయుదురు. చెమటకు, వాడకానికి అది మెత్తబడును. మెత్తబడిన జోడు పాదానికి ఆధారమీయదు గనుక దానిని విడిచిపెట్టవలెను. వృత్తి నర్తకికి ఒక్క ప్రదర్శనతోనే ఒక జత పాడగుట కద్దు.

గాయాలు

బొబ్బలు, ఆనెలు, గోళ్ళు కమిలి నల్లబడుట సర్వసాధారణం. గోళ్ళను మరీ పొట్టిగా కాక, అడ్డంగా తిన్నగా కత్తిరించవలెను. గట్టిపడిన చర్మం కొంతవరకు రక్షణ గనుక దానిని పూర్తిగా తొలగింపరాదు. గెంతి దిగునప్పుడు పాదం లోపలికి మడతపడి చీలమండ బెణుకును. అదే సమయంలో చిటికెనవేలి వెనుకనున్న పొడవాటి ఎముక విరుగుట కూడ కలదు. దీనికి 'నర్తకుల విరుపు' అని పేరు.

వీటికంటె మోసకరమైనది ఎముకలో మెల్లగా ఏర్పడు సన్నని చీలిక. బాలేలో ఇది తరచు రెండవ వేలి వెనుకనున్న పొడవాటి ఎముక మొదట్లో కలుగును. తొలుత నృత్యం చేయునప్పుడే నొప్పి ఉండి, క్రమంగా నడకలోను, పిమ్మట విశ్రాంతిలోను బాధించును. తొలిదశలో సాధారణ ఎక్స్-రేలో కనబడకపోవచ్చును. పాత్ర చేజారునేమో అన్న భయంతో నొప్పిని దాచుట వలన కొన్ని వారాల విశ్రాంతితో మానవలసినది నెలల తరబడి పీడించును. శరీరం సన్నగా ఉండవలెనని ఆహారం తగ్గించు బాలికలలో ఋతుక్రమం తప్పి, ఎముకలు బలహీనపడి, ఈ ప్రమాదం హెచ్చగును. ఇట్టివారికి జోళ్ళు మార్చినంత మాత్రాన ప్రయోజనం లేదు, వైద్యునికి చూపవలెను.

నివారణ

పాయింట్ అభ్యాసం సాధారణంగా 11, 12 ఏండ్ల ప్రాంతంలో మొదలగును. అయితే వయస్సొక్కటే ప్రమాణం కాదు. కొన్నేండ్ల శిక్షణ, చీలమండ బలం, ఒంటికాలిపై తూలక మునివేళ్ళపై పలుమార్లు లేవగల శక్తి ఉండవలెను. పాదాలను బయటికి త్రిప్పుట తుంటికీలు నుండి జరుగవలెను. పాదాలనే బలవంతంగా త్రిప్పినచో అరికాలి వంపు కుంగి, మోకాలికి కూడ హాని కలుగును. కాంక్రీటుపై గాక, అదురును ఇముడ్చుకొను చెక్క నేలపై సాధన చేయుట మేలు. బెణికిన కాలిపై మంచుగడ్డను నేరుగా కాక గుడ్డలో చుట్టి ఉంచవలెను. నాలుగడుగులైనను వేయలేనిచో ఎముక విరిగినదేమో పరీక్ష చేయించవలెను.