బడంగ్‌పేట్ చావుపుట్టుకల లెక్క

2025 డిసెంబరులో బడంగ్‌పేట్ హోదా మరోసారి మారింది. హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 పురపాలికలను గ్రేటర్‌లో కలిపేసినప్పుడు ఇదీ కలిసిపోయింది. మొదట గ్రామ పంచాయతీ, తర్వాత నగర పంచాయతీ, 2019లో నగర పాలక సంస్థ, ఇప్పుడు మహానగరంలో భాగం. బాలాపూర్, నాదర్‌గుల్, అల్మాస్‌గూడ, గుర్రంగూడ, మామిడిపల్లి లాంటి ఊళ్లన్నీ ఈ ప్రయాణంలో దానితో పాటే నడిచాయి. ఆస్తిపన్ను పెరుగుతుందా, ఇంటి అనుమతులు ఎవరిస్తారు, వార్డులు ఎన్నవుతాయి అని అందరూ అడిగారు. జనన మరణాల రిజిస్టర్లు ఏ గదిలో ఉన్నాయి, ఇకపై వాటి బాధ్యత ఎవరిది అని అడిగినవాళ్లు నాకు కనిపించలేదు. ఈ వ్యాసం ఆ రిజిస్టర్ల గురించే.

ఇవి ఎప్పటికీ చెరపకూడని పుస్తకాలు. జనన, మరణ, మృతశిశు జనన రిజిస్టర్లను శాశ్వత ప్రాముఖ్యం ఉన్న దస్తావేజులుగా భద్రపరచాలనీ, వాటిని ఎన్నడూ నాశనం చేయకూడదనీ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఒక సంవత్సరపు రిజిస్టర్‌ను ఆ ఏడాది ముగిశాక మరో పన్నెండు నెలలు స్థానిక రిజిస్ట్రార్ దగ్గర ఉంచి, ఆపైన నిర్ణీత అధికారికి అప్పగించాలి. కాగితం మీద ఇంత గట్టి ఏర్పాటు ఉంది. కానీ అప్పగించాల్సిన ఆఫీసే పదేళ్లకోసారి మారిపోతుంటే, పుచ్చుకోవాల్సిన ఆఫీసుకు కొత్త పేరు, కొత్త చిరునామా వస్తుంటే ఆ పుస్తకం ఏమవుతుంది? మండలాలు 1985లో వచ్చాయి. 1978లో పుట్టిన రంగారెడ్డి జిల్లాను 2016లో విడగొట్టారు. అప్పుడే సరూర్‌నగర్ మండలం నుంచి బాలాపూర్ మండలం విడిపోయింది. విడిపోయిన ప్రతిసారీ బీరువాలు కదిలాయి.

ఈ లెక్క రాసే పని తెలంగాణ పల్లెల్లో చాలాకాలం పోలీస్ పటేల్ చేతిలో ఉండేది. శిస్తు వసూలు మాలీ పటేల్‌ది, భూముల లెక్కలు పట్వారీవి. ఊళ్లో శాంతి భద్రతలతో పాటు ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అన్నది పోలీస్ పటేల్ చూసుకునేవాడు. నిజాం రోజుల్లో హైదరాబాద్ చుట్టుపక్కల ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా పేరుతో, నిజాం సొంత ఎస్టేటు సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది. అప్పటి కాగితాల్లో సంవత్సరం ఫసలీ కాలమానంలో ఉంటుంది. దానికి 590 కలిపితే మన లెక్కకు వస్తుంది. భూముల రికార్డు ఖాస్రా పహాణీ తయారైన 1954-55 అంటే ఫసలీ 1364. ఇక్కడి భూమి తగాదాల్లో తాత పోయిన తేదీ కోసం వెతికేవాళ్లకు ఈ కూడిక కంఠతా వచ్చి ఉంటుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పెత్తందారీ పోకడలకు అలవాటుపడిన ఆ వ్యవస్థ పోవడం మంచిదే. అయితే ఆ ఇళ్లలోని రికార్డులను ఊరూరా ఎంత శ్రద్ధగా స్వాధీనం చేసుకున్నారన్నది వేరే సంగతి. ఒక తరం చావుపుట్టుకల జాడ ఆ శ్రద్ధ మీదే ఆధారపడింది.

ఆ రోజుల రాతలో నిజం ఎంత? మనిషి పోయాడన్నది నిజం. ఎందుకు పోయాడన్నది చాలాసార్లు ఊహ. బ్రిటిష్ ఇండియా లెక్కల్లో కూడా ఎక్కువ చావులకు కారణం ‘జ్వరం’ అనే రాసేవారు. వైద్యుడు చూడని చావును ఊరి ఉద్యోగి ఇంకెలా రాస్తాడు? ఇలాంటి జ్వరాలతోనే జనం పిట్టల్లా రాలిపోతున్న కాలంలో, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. జ్వరాల్లో ఒకదాని గుట్టు తెలిసింది కానీ, ఊరి రిజిస్టర్‌లో ‘జ్వరం’ మాత్రం దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. చావుల లెక్కతో జబ్బులను చదవవచ్చని 1662లోనే లండన్‌లో జాన్ గ్రాంట్ పుస్తకం రాసి చూపించాడు. మనకు ఆ తెలివి లేక కాదు, రాసేవాడికి వైద్యుడి తోడు లేక ఆలస్యమైంది. ఆ లోటు నేటికీ పూర్తిగా తీరలేదు. 2020లో దేశమంతటా నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15,000 మందిని తీసుకుపోయింది. వాళ్ల పేర్లు మనకు దొరకవు, ఆ అంకె ఒక్కటే మిగిలింది. ఆ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, శంషాబాద్‌కు దగ్గర్లోని హిమాయత్‌సాగర్ కట్టించారు. నీటి లెక్క బాగుపడింది. మనుషుల లెక్క అంత త్వరగా బాగుపడలేదు. 1886 నాటి కేంద్ర చట్టంలో నమోదు ఐచ్ఛికం. కోస్తా, రాయలసీమలకు 1899 నాటి మద్రాసు చట్టం ఉండేది. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది, తర్వాతి ఏడాది ఏప్రిల్ 1 నుంచి చాలా రాష్ట్రాల్లో అమల్లోకి వచ్చింది.

ఆ చట్టాన్ని శ్రద్ధగా చదివితే అందులో మనిషి పట్ల ఉన్న మర్యాద కనిపిస్తుంది. ఇంట్లో చావు జరిగితే ఇంటి పెద్ద చెప్పాలి. ఆసుపత్రిలో జరిగితే ఆసుపత్రి చెప్పాలి. బహిరంగ స్థలంలో దిక్కులేని శవం దొరికితే పల్లెలో గ్రామపెద్ద, మిగతాచోట్ల పోలీస్ స్టేషన్ అధికారి చెప్పాలి. అంటే ఎవరూ లేని మనిషికి కూడా తన చావు చెప్పే మనిషిని చట్టం చూపించింది. శ్మశానం చూసుకునే కాటికాపరికీ అందులో బాధ్యత ఉంది. చితి పేర్చే చోట, గొయ్యి తీసే చోట ఉన్న మనిషికి తెలియకుండా ఊళ్లో ఏ చావూ దాటిపోదు కదా! చికిత్స చేసిన డాక్టరు మరణ కారణ పత్రాన్ని వెంటనే ఇవ్వాలి, దానికి రూపాయి కూడా తీసుకోకూడదు. పల్లెపల్లెనా వైకుంఠధామాల పేరుతో శ్మశానవాటికలు కట్టిన రాష్ట్రంలో, అక్కడ పనిచేసేవాళ్ల చేతికి ఒక నోటుబుక్కూ పెన్నూ అందాయా అన్నది చూడాల్సిన సంగతి.

చావునైనా పుట్టుకనైనా తెలియజేయడానికి గడువు 21 రోజులు. అది దాటినా 30 రోజుల లోపైతే ఆలస్య రుసుము సరిపోతుంది. ఏడాది లోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణతో ఈ అధికారం కలెక్టరు, ఆర్డీవో స్థాయి అధికారులకు వచ్చింది. నమోదయ్యాక ఏడు రోజుల్లో ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలని కూడా ఆ సవరణ చెప్పింది. ఈ ఒక్క మాట ప్రతి మీసేవ కేంద్రం గోడ మీదా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

జనాన్ని ఎక్కువగా తిప్పే నిబంధన మరొకటి ఉంది: చావు ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు. బడంగ్‌పేట్ మనిషి ఉస్మానియా ఆసుపత్రిలో కన్నుమూస్తే నమోదు ఆ ఆసుపత్రి ఉన్నచోటే జరుగుతుంది, ఇల్లు ఉన్నచోట కాదు. ఇంటి చిరునామా ఆ పత్రంలో రాస్తారంతే. అంత్యక్రియలు మన ఊళ్లో జరిగాయి, కర్మకాండ మన ఇంట్లో జరిగింది, కాబట్టి కాగితం మన ఆఫీసులోనే దొరుకుతుందని నెలల తరబడి తిరిగే కుటుంబాలు ఇందుకే ఉన్నాయి. కదిలే వాహనంలో చావు సంభవిస్తే, వాహనం మొదట ఆగిన చోట దాని బాధ్యుడు తెలియజేయాలి. వాహనమంటే రైలూ, పడవా, విమానమూ అన్నీ. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి, గగనంలో ఆగిన ఊపిరికి కూడా నేల మీద ఒక రిజిస్టర్ ఉండాల్సిన ప్రాంతంలో మనం ఉంటున్నాం.

శంషాబాద్‌కు మరో రకం మృతులూ వస్తారు. గల్ఫ్‌లో పోయిన నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ బిడ్డలు పెట్టెల్లో ఇక్కడే దిగుతారు. అక్కడి ప్రభుత్వ మరణ పత్రం, శవాన్ని చెడిపోకుండా భద్రపరిచినట్టు ధ్రువీకరణ, భారత రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఇవన్నీ పెట్టెతో రావాలి. విమానాశ్రయ ఆరోగ్యాధికారి అనుమతి కోసం 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ ఇ-కేర్ పోర్టల్ తెచ్చింది. బయట అంబులెన్స్ పక్కన ఇంటివాళ్లు నిలబడి ఉంటారు. అప్పులు తీర్చుతాడనుకున్న కొడుకు రాకను అలా చూడాల్సి రావడం కంటే కష్టం ఉండదు. ఆ తర్వాతి కష్టం మన పంచాయతీ ఆఫీసులో మొదలవుతుంది. చావు అక్కడ జరిగింది కాబట్టి ఇక్కడి కార్యదర్శి కొత్తగా మరణ ధ్రువపత్రం ఇవ్వలేడు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదైతే మాత్రం దాన్ని ఇక్కడి చట్టం కింద జరిగిన నమోదుగానే పరిగణించాలని సెక్షన్ 20 చెబుతోంది. బీమాకూ, బ్యాంకుకూ, వారసుల పేరిట భూమి మార్చే విరాసత్‌కూ ఆ కాగితమే ఆధారం. పెట్టె కదలకముందే దాన్ని అడిగి తీసుకోమని వాళ్లకు చెప్పే మనిషి ఊరికొకరుండాలి.

కాగితం విలువ కరోనా మరింత బాగా చూపించింది. దేశంలో 2020లో నమోదైన మరణాలు 81.2 లక్షలు, 2021లో అవి 102 లక్షలు దాటాయి. ఒక్క ఏడాదిలో పెరిగినవి ఇంచుమించు 21 లక్షలు. ప్రభుత్వాలు రోజూ ప్రకటించిన కరోనా మృతుల సంఖ్య దీని దరిదాపుల్లో లేదు. ఏ ఉద్యమమూ చెప్పలేనంత గట్టిగా ఊళ్లలోని రిజిస్టర్లు ఆ మాట చెప్పాయి. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత ఒక్కో కుటుంబానికి ఇచ్చిన 50,000 రూపాయల సాయానికి కూడా మరణ ధ్రువపత్రం కావాల్సి వచ్చింది. ఆ కాగితం లేని ఇళ్లు ఏం పోగొట్టుకున్నాయో వాళ్లకే తెలుసు.

మళ్లీ బడంగ్‌పేట్‌కు వద్దాం. పక్కనే బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు మొదలైన గణేశ్ లడ్డూ వేలాన్ని ఏ ఏడు ఎవరు ఎంతకు పాడారో ఊరంతా అప్పజెబుతుంది. గుర్తుంచుకోవాలనుకున్నది గుర్తుంచుకునే శక్తి ఈ ఊళ్లకు ఉంది. నాదర్‌గుల్‌లో ఎకరం ధర ఆకాశాన్నంటిన ఈ రోజుల్లో 1970లలో పోయిన ముత్తాత ఫౌతి తేదీ ఒక కుటుంబం నిలవడమో చెదరడమో తేల్చేస్తుంది. తేదీ దొరకని ఇంటికి రికార్డు లేదని అలభ్యతా పత్రం ఇచ్చి, కొత్తగా నమోదు చేయించుకోమని పంపిస్తారు. సాక్షులు సగంమంది పోయాక ఆ దారి ఎంత కష్టమో ఆర్డీవో ఆఫీసు ముందు క్యూలో నిలబడ్డవాళ్లను అడగండి.

గ్రేటర్‌లో విలీనం జరిగిన ఈ సమయమే పని మొదలుపెట్టడానికి సరైనది. గ్రామ పంచాయతీ నాటి నుంచి నగర పాలక సంస్థ దాకా ఏ సంవత్సరపు రిజిస్టర్ ఏ ఆఫీసులో, ఏ అధికారి అధీనంలో ఉందో చెప్పే జాబితా ఒకటి తయారుచేసి, బడంగ్‌పేట్ ఆఫీసు బయట గోడకు అంటించాలి. ఉర్దూలో ఉన్న పేజీలను చదవగల పెద్దలు ఇంకా ఉన్నప్పుడే వాటిని స్కాన్ చేయించి, తెలుగులోకి ఎక్కించాలి. చెదలు తిన్న, వానకు తడిసిన సంవత్సరాలు ఏవేవో దాచకుండా ఆ జాబితాలోనే రాయాలి. వార్డు కార్యాలయంలో ఒక ఉద్యోగి, ఒక స్కానర్, కొన్ని నెలల సమయం ఉంటే ఇది అయ్యే పనే.