పాత కంప్యూటరు ఛార్జి అప్పగింత

సీటు మారే గుమాస్తా రిజిస్టర్లు, ఫైళ్ళు జాబితా వేసి ఛార్జి అప్పగించడం మనందరికీ అలవాటే. కంప్యూటరు మార్చినా చేయవలసింది అదే. ఆ జాబితాలకూ ఒక చరిత్ర వున్నది.

1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరులోనే, మళ్ళీ చూడదలచిన పేజీల చిరునామాలు దాచుకొనే సౌకర్యం వుండేది. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ వాటిని 'బుక్‌మార్కులు' అన్నది. 2008లో నెట్‌స్కేప్ మూతపడింది. అయినా నేటికీ క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌ల నుండి బుక్‌మార్కులు ఎక్స్‌పోర్టు చేస్తే, వచ్చే హెచ్.టి.ఎం.ఎల్. ఫైలు మొదటి పంక్తిలో నెట్‌స్కేప్ పేరే వుంటుంది. కంపెనీ పోయినా దస్తావేజు చెల్లుతున్నదన్నమాట!

ఈ-మెయిలు చిరునామాలను మాత్రం ఒక్కో ప్రోగ్రాము ఒక్కో తీరులో దాచేది. ఒకదానిది మరొకదానికి అర్థమయ్యేది కాదు. 1995లో యాపిల్, ఐ.బి.ఎం. తదితర సంస్థలు కలసి 'వి-కార్డు' అనే ఉమ్మడి నమూనాను ప్రతిపాదించాయి. 1998లో అది ఇంటర్నెట్ ప్రమాణాలలో చేరింది.

కనుక సభ్యులకు మనవి. పాత యంత్రాన్ని ఎవరికైనా ఇచ్చేలోగా ఈ రెండు ఫైళ్ళనూ పెన్‌డ్రైవులోకి తీసుకొని, కొత్తదానిలో తెరచి చూడండి. పాస్‌వర్డులు వీటిలో రావు. వాటిని విడిగా వ్రాసి భద్రపరచుకోండి. దూరమైన పాత సహోద్యోగిని చేరడానికి మిగిలిన దారి ఒక్కోసారి ఆ చిరునామా ఒక్కటే. సరిచూడకుండా ఛార్జి లిస్టు మీద మనం ఏనాడూ సంతకం చేయలేదు కదా!